రాకర్లకు నూనె మోసే పైపులు

కాస్ట్ ఐరన్ ఇంజిన్ ఉన్న పాత బుల్లెట్‌ను కుడి వైపు నుండి చూస్తే, ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేసు దగ్గర మొదలై సిలిండరు రెక్కల పక్కగా పైకి ఎక్కి, హెడ్డు మీద, వాల్వులను నొక్కి తెరిచే రెండు రాకర్ల దగ్గర ముగిసే సన్నని పైపులు కనిపిస్తాయి. బండిని మెచ్చుకునేవారి కళ్లు ముందుగా పెట్రోలు ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు చారల మీదకూ, ఆ తర్వాత హెడ్‌లైటు దగ్గర ఒదిగిన ఆంపియర్ మీటరు మీదకూ పోతాయి గాని ఈ పైపుల మీద నిలవవు. నాకు మాత్రం చిన్నతనం నుండీ పాత బండి ఎక్కడ కనబడినా చూపు మొదట అక్కడికే పోతుంది. ఆ పైపు చివరి బోల్టు చుట్టూ తడి ఉందా, దుమ్ముతో కలిసి నల్లగా పేరుకుపోయిందా, పొడిగా ఉందా అన్నది చూస్తే యజమాని ఆ బండిని ఎలా చూసుకుంటున్నాడో తెలిసిపోతుందని నాకు నేర్పిన మేస్త్రి గారు ఇప్పుడు లేరు. ఆయన చేతిపని గురించి, ముఖ్యంగా ఆయిల్ పైపులు మార్చడమనే ఆ చిన్న పనిని ఆయన ఎంత శ్రద్ధగా చేసేవారన్నదాని గురించి, వివరంగా రాసిపెట్టాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

మా పెదనాన్న గారిది తెనాలి. ధాన్యం వ్యాపారం మీద చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరగవలసి రావడంతో ఆయన 1970లలో ఒక 350 బుల్లెట్ కొన్నారు. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన ఈ బండిని మన దేశంలో తయారు చేయడానికి మద్రాస్ మోటార్స్ వారితో కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసు పక్కనే తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ వెలిసింది. పుట్టింటి కంపెనీ మూతపడిన తర్వాత కూడా, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు గల ఆ 346 సీసీ ఇంజిన్ ఇక్కడ పెద్దగా రూపం మారకుండా దశాబ్దాల పాటు తయారవుతూనే వచ్చింది. తెనాలి మద్రాసు రైలు మార్గం మీద ఉండడం మాకు కలిసివచ్చింది. ఊళ్లో దొరకని సామాను ఏదైనా కావలసివస్తే, రాత్రి రైలుకు మద్రాసు వెళుతున్నవారికి పాత ముక్క చేతికిచ్చి, జనరల్ పాటర్స్ రోడ్డు దుకాణాల నుండి అలాంటిదే తెప్పించుకునేవారు. వేసవి సెలవులు మొత్తం నేను పెదనాన్న గారింట్లోనే గడిపేవాణ్ని. బండి షెడ్డుకు పోయిందంటే ఆ రోజు నేనూ షెడ్డులోనే ఉండేవాణ్ని.

ఈ పైపులు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే నూనె తిరిగే దారి తెలియాలి. బి.ఎస్.ఏ., నార్టన్, ట్రయంఫ్ వంటి ఆ కాలపు బ్రిటిష్ బండ్లలో చాలావాటికి ఇంజిన్ ఆయిలు ట్యాంకు విడిగా చట్రానికి బిగించి ఉంటుంది. అక్కడి నుండి ఇంజిన్‌కు ఒక పైపు వెళుతుంది, ఇంజిన్ నుండి ట్యాంకుకు ఇంకొక పైపు తిరిగివస్తుంది. బుల్లెట్‌లో ఆ ట్యాంకును క్రాంక్‌కేసు పోతలోనే కలిపేశారు కాబట్టి ఆ రెండు పైపుల అవసరం లేకుండాపోయింది. టైమింగ్ కవరు వెనుక, క్రాంక్ షాఫ్టు చివరనున్న వార్మ్ (మర లాంటి గేరు) తిప్పే పంపులు రెండుంటాయి. ఒకటి ట్యాంకులోని నూనెను ఫిల్టరు మీదుగా బిగ్ ఎండుకు, అంటే కనెక్టింగ్ రాడ్డు క్రాంకును పట్టే చోటుకు, పంపుతుంది. రెండోది కింద చేరిన నూనెను తోడుతుంది. రాకర్లకు నూనె అందేది ఈ తోడిన నూనెలో నుండే, దానికున్న దారి బయటి పైపులే. రాకర్లను తడిపిన నూనె, వాటిని కింది నుండి తోసే పుష్‌రాడ్ల గొట్టాల గుండా జారి మళ్లీ కిందికి చేరుతుంది. ఇందులో ఒత్తిడి పెద్దగా ఉండదు, కాబట్టి పైపు పగిలి నూనె చిమ్ముతుందన్న భయం తక్కువ. భయపడవలసింది మూడింటికి: మడ్డి పట్టి దారి మూసుకుపోవడం, అతుకు దగ్గర వెంట్రుకంత పగులు రావడం, వాషర్ల దగ్గర ఊరడం. మూడూ నెమ్మదిగానే వస్తాయి. అందుకే ఎవరూ పట్టించుకోరు.

"పైన తడి లేకపోతే కింద ఎంత నూనె ఉన్నా దండగ బాబూ" అనేవారు మేస్త్రి గారు. రాకరు ఎండిపోయిన శబ్దం మనకు వినపడే సరికి దాని లోపల జరగవలసిన నష్టం జరిగిపోతుందని ఆయన నమ్మకం. అందువల్ల పెదనాన్న గారి బండి ఏ పని మీద వచ్చినా, ఇంజిన్ నడుస్తుండగా పై బోల్టును కొద్దిగా వదులు చేసి, నూనె పైదాకా వస్తున్నదో లేదో చూసి, మళ్లీ బిగించిన తర్వాతే వచ్చిన పని మొదలుపెట్టేవారు. పంపు తోడే నూనె ఏకధారగా రాదు. కొద్ది కొద్దిగా ఊరుతూ, ఆగుతూ, మళ్లీ ఊరుతూ వస్తుంది. ఆ లయ సరిగ్గా ఉంటే ఆయన ముఖంలో కనిపించే తృప్తి నాకిప్పటికీ గుర్తుంది.

కారడం మాత్రం ఆయన కంటే ముందు పెదనాన్న గారి పంచెకు తెలిసేది. ఆయన పంచె కట్టుకునే బండి నడిపేవారు; కుడి వైపు అంచు మీద సన్నని నల్లని చుక్కలు పడ్డాయంటే పైపు అతుకు దగ్గర ఏదో మొదలైందన్నమాట. ఇంకొంచెం ముదిరితే నూనె సైలెన్సర్ వంపు మీద పడి మాడి, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వాసన పైకి వచ్చేది. అయితే హెడ్డు మీద నూనె కనబడినంత మాత్రాన తప్పు పైపుదేనని తేల్చకూడదు. రాకర్ కవరు గ్యాస్కెట్ నుండి ఊరిన నూనె కూడా గాలికి వెనక్కి పాకి అదే బోల్టు చుట్టూ చేరుతుంది. మేస్త్రి గారు మొత్తం హెడ్డును కిరసనాయిలుతో కడిగి, కాటన్ వేస్టుతో పొడిగా తుడిచి, అతుకుల చుట్టూ సుద్దపొడి చల్లి ఇంజిన్ స్టార్టు చేసేవారు. తెల్లని పొడి మొదట ఎక్కడ ముదురు రంగుకు తిరుగుతుందో అక్కడే లోపం. ఇంత తేలికైన పరీక్షను చేయకుండా అన్ని బోల్టులనూ బలంగా బిగించేసేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

బలంగా బిగించడమే ఈ పనిలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం. పైపును పట్టి ఉంచే ఆ బాంజో బోల్టు లోపల బోలుగా ఉంటుంది. దాని నడుమున అడ్డంగా రంధ్రం ఉంటుంది. నూనె ఆ రంధ్రం గుండానే రాకరులోకి పోతుంది. అంటే బోల్టులో అన్నిటికంటే బలహీనమైన చోటు సరిగ్గా మధ్యలోనే ఉందన్నమాట. పెద్ద పానాతో బలం పెడితే అక్కడే తెగి, సగం ముక్క హెడ్డులో ఉండిపోతుంది. ఆ ముక్కను తీయడానికి విజయవాడ ఆటోనగర్ దాకా పోయిన బండ్లను చూశాను. నిజానికి నూనెను ఆపేది బిగింపు కాదు, పైపు చివర బోల్టు దూరే ఉంగరానికి, అంటే బాంజో కన్నుకు, పైనొకటీ కిందొకటీ ఉండే రాగి వాషర్లు. రాగి మెత్తగా ఉన్నప్పుడే రెండు లోహాల మధ్య నలిగి, సన్నని గీతలను కూడా పూడ్చగలదు. ఒకసారి నలిగిన రాగి గట్టిపడిపోతుంది. దాన్నే తిరిగి వేసి ఎంత బిగించినా ఊరుతూనే ఉంటుంది.

కొత్త వాషర్లు చేతిలో లేనప్పుడు మేస్త్రి గారు పాతవాటిని మళ్లీ మెత్తబరిచేవారు. వాటిని ఒక ఇనుప తీగకు గుచ్చి, బ్లో ల్యాంపు మంటలో పట్టేవారు. మొదట రాగి మీద ఊదా, నీలం ఛాయలు పాకి, ఆ తర్వాత అన్నీ కలిసి ముదురు ఎరుపుకు తిరిగేవి. మధ్యాహ్నపు వెలుతురులో ఆ ఎరుపు సరిగా కనిపించదని షెడ్డు తలుపు ఓరగా వేయించేవారు. రంగు రాగానే నీళ్ల డబ్బాలో వదిలితే సుర్రుమన్న శబ్దంతో పైనున్న నల్లని పొర పెచ్చులుగా ఊడి అడుగున చేరేది. ఉక్కును అలా నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, రాగి మాత్రం మెత్తబడుతుంది అని ఆయన చెప్పినప్పుడు నేను నమ్మలేదు. అప్పుడొక వాషరును నా వేళ్ల మధ్య పెట్టి వంచమన్నారు. మైనంలా వంగింది. ఆ తర్వాత అద్దం పలక మీద సన్న రకం ఎమరీ కాగితం పరిచి, వాషరును వేలితో నొక్కి గుండ్రంగా తిప్పుతూ, మొత్తం ముఖం ఒకే తీరుగా మెరిసేదాకా రుద్దించేవారు. ఆ పని నాదే. మెరుపులో ఒక్కచోట నల్లగా మిగిలినా వెనక్కి ఇచ్చేవారు.

వాషర్ల విషయంలో పనికొచ్చిన ఈ సూత్రమే పైపులకూ వర్తిస్తుంది. ఒంటి సిలిండరు ఇంజిన్ అదురు ఎలాంటిదో నడిపినవారికి చెప్పనక్కర లేదు. ఆ అదురుకు రాగి గొట్టం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వంగుతూ గట్టిపడి, చివరికి బాంజో కన్ను అతికిన చోట, ఇత్తడి బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి వేసిన అతుకు) ఆగి రాగి మొదలయ్యే అంచు దగ్గర చీలుతుంది. చీలిన చోట మళ్లీ బ్రేజింగ్ చేయిస్తే కొంత కాలం నడుస్తుంది గాని, కొత్త అతుకు పక్కనే మరో పగులు వస్తుంది. కారణం మొత్తం గొట్టం గట్టిపడి ఉండడమే. మేస్త్రి గారు బ్రేజింగ్ చేయించిన పైపును పొడవంతా ఒకసారి కాల్చి మెత్తబరిచాకే వాడేవారు. బిగించేటప్పుడు కూడా పైపును లాగి, మెలితిప్పి బోల్టుకు అందించనిచ్చేవారు కాదు. బోల్టు లేకుండానే కన్ను తన చోట తానుగా కూర్చోవాలి, అలా కూర్చోకపోతే చేత్తో నిదానంగా వంచి కూర్చోబెట్టాలి. బలవంతంగా పట్టి ఉంచిన పైపు ఎక్కువ కాలం నిలవదని ఆయన అనేవారు. నా అనుభవంలోనూ అది నిజమే.

లోపలి శుభ్రత గురించి ఆయనకున్న పట్టింపు ఇంకా ఎక్కువ. తెగిన క్లచ్ వైరు నుండి ఒక్క పోగును విడదీసి, చివరను గుండ్రంగా రుద్ది, పైపులోకి పంపి ఇటూ అటూ ఆడించి, కిరసనాయిలు పోసి ఊదేవారు. మొదట నల్లని మడ్డి, తర్వాత టీ రంగు నీళ్లు, చివరకు తేటగా వచ్చేదాకా ఆగేవారు కాదు. బోల్టు మరలకు టెఫ్లాన్ టేపు చుట్టడం, వాషర్లకు గ్యాస్కెట్ బంక పూయడం ఆయన షెడ్డులో నిషిద్ధం. బాంజో బోల్టులో నూనెను ఆపవలసింది వాషరు ముఖం. మర చుట్లకు ఆ పనితో సంబంధం లేదు. పైగా చినిగిన టేపు పీలిక గాని, ఎండిన బంక ముక్క గాని నూనెతో పాటు పోయి రాకరు రంధ్రంలో అడ్డుపడితే, బయటికి ఎక్కడా కారని, లోపల మాత్రం ఎండిపోతున్న ఇంజిన్ తయారవుతుంది. కారే బండి కంటే అది చాలా ప్రమాదకరం.

పానాల సంగతి కూడా చెప్పాలి. పాత బండ్ల మీద చాలా మరలు బ్రిటిష్ అంగుళాల కొలతలవి. ఆ పానాల మీద ఉండే 1/4 వంటి అంకె నట్టు వెడల్పును చెప్పదు, ఆ నట్టు పట్టే బోల్టు మందాన్ని చెబుతుంది. మిల్లీమీటర్ల పానాతో తీయబోతే కొంత వదులుగా కూర్చుని మూలలు అరిగిపోతాయి. మేస్త్రి గారి దగ్గర పాత విట్‌వర్త్ పానాల సెట్టు ఒకటి విడిగా, నూనె గుడ్డలో చుట్టి ఉండేది. దాన్ని ఎవరికీ అరువు ఇచ్చేవారు కాదు.

రబ్బరు పైపుల గురించి నేను నేర్చుకున్నది వేరే బండ్ల మీద. గుంటూరు వైపు నుండి ఒక పొగాకు వ్యాపారి గారి బి.ఎస్.ఏ. ఎమ్20 అప్పుడప్పుడూ షెడ్డుకు వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం విరివిగా వాడిన 500 సీసీ సైడ్ వాల్వ్ బండి అది. నూనె ట్యాంకు విడిగా ఉన్న ఆ బండికి ఎవరో రబ్బరు గొట్టాలు వేశారు. నడిచిన కొద్దిసేపటికే ఇంజిన్ వేడెక్కి బిగుసుకుంటోందని దాన్ని తీసుకువచ్చారు. ట్యాంకులో నూనె నిండుగా ఉంది, గొట్టం బయటికి నిగనిగలాడుతోంది, ఎక్కడా చుక్క కారడం లేదు. మేస్త్రి గారు మారు మాట లేకుండా ఆ గొట్టాన్ని విప్పి, బ్లేడుతో పొడవునా చీల్చి మాకు చూపించారు. లోపలి పొర నూనెకు ఉబ్బి, గోడ నుండి ఊడి, నాలుకలాగా దారికి అడ్డంగా పడి ఉంది. పంపు పీల్చుకున్నప్పుడల్లా అది మూసుకుంటుంది. ఇంజిన్ ఆపగానే తెరుచుకుని ఏమీ ఎరగనట్టు ఉంటుంది. ఇంజిన్‌కు నూనె తీసుకుపోయే వైపు పైపును వయసును బట్టి మార్చాలి గాని పైరూపాన్ని బట్టి కాదన్నది ఆ చీల్చిన గొట్టం చూసిన రోజే నాకు స్థిరపడిపోయింది. నీళ్లకు వాడే రబ్బరు నూనెకు పనికిరాదు. నూనెను తట్టుకునే నైట్రైల్ రబ్బరు, లోపల నేత ఉన్నది, వేడికి సరిపడేది కావాలి. ఇలాంటి బండ్లు ఎక్కువ రోజులు నిలబడి ఉంటే ట్యాంకులోని నూనె పంపు గుండా జారి క్రాంక్‌కేసులో నిండుతుందని, దాన్ని ఆపడానికి పైపు మధ్యలో ట్యాపు పెట్టేవారు ఉన్నారు. తెరవడం మరచిపోయి స్టార్టు చేసిన ఒక్కసారి చాలు, ఇంజిన్ పోతుంది. నా మటుకు నేను ఆ ట్యాపును ఎవరికీ సూచించను. స్టార్టు చేసే ముందు అడుగున చేరిన నూనెను తీసి మళ్లీ ట్యాంకులో పోసుకోవడం శ్రమే గాని నష్టం లేదు.

1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100 మా ఊళ్లో కుర్రకారు చేతికి చేరాక పైపుల పని మరో రకంగా పెరిగింది. అందులో టూ స్ట్రోక్ ఆయిలు ప్రత్యేకమైన డబ్బాలో ఉండి, సన్నని గొట్టం ద్వారా పంపుకూ, అక్కడి నుండి ఇంజిన్‌లోకీ పోతుంది. ఆ గొట్టం ఎండకూ వేడికీ బిరుసెక్కి, పంపు ముక్కు దగ్గర పట్టు వదిలితే నూనె కారడం కంటే ముందు గాలి లోపలికి పోతుంది. బుడగ పంపులో చేరితే నూనె ఆగిపోతుంది, పిస్టన్ పట్టేస్తుంది. కొత్త గొట్టం వేశాక పంపుకున్న చిన్న గాలి స్క్రూ విప్పి, బుడగలు లేని నూనె వచ్చేదాకా ఓపికగా ఉండి, ఆ తర్వాత కూడా మొదటి కొన్ని కిలోమీటర్లు పెట్రోలులో కొంచెం నూనె కలిపి నడపడం క్షేమం. ఈ ఓపిక లేకనే చాలామంది పంపును తీసివేసి, పెట్రోలులో నూనె కలుపుకునే పద్ధతికి పోయారు. పంపు చేసే పని చేత్తో కొలిచి పోసిన దానికంటే మెరుగైనది. గొట్టం ఒకటి మార్చుకుంటే సరిపోయేది.

పెదనాన్న గారి బండి ఇప్పుడు నా దగ్గరే ఉంది. రాగి పైపులు ఉంచాలా, స్టీలు అల్లిక ఉన్న కొత్త హోసులు వేయాలా అని పాత బండ్ల మీద మమకారం ఉన్నవారు నన్ను అడుగుతుంటారు. ఎప్పుడో ఒకసారి తీసి తుడిచి ప్రదర్శనకు నిలబెట్టే బండికి రాగే అందం, అదే మర్యాద కూడా. దూరాలు తిరిగే బండికి మాత్రం మంచి రకం అల్లిక హోసే మేలని నా అభిప్రాయం. అదురును అది తనలో కలుపుకుంటుంది, అతుకు దగ్గర పగుళ్లు రావు. అయితే ఆ స్టీలు అల్లిక తగిలిన చోటల్లా ఆకురాయిలా కోస్తుంది కాబట్టి సిలిండరు రెక్కలకూ, రంగుకూ ఆనకుండా పైన తొడుగు వేయాలి. పొడవు కోయవలసివస్తే కోసే చోట ముందు టేపు బిగుతుగా చుట్టాలి, లేకపోతే అల్లిక విచ్చుకుని వేళ్లలో దిగుతుంది. కోసిన తర్వాత లోపల మిగిలిన రబ్బరు పొడిని కడిగి, ఊది, వెలుతురుకు ఎత్తి ఆ చివర నుండి ఈ చివరకు చూడాలి. బజారులో చవకగా దొరికే బాంజో బోల్టులను కూడా అలాగే చూసి కొనాలి. కొన్నింటిలో అడ్డ రంధ్రం సన్నగా ఉంటుంది, కొన్నింటిలో తొలిచినప్పటి ఇనుప రజను అంచున అలాగే వేలాడుతుంది. వాషరు మరీ మందమైతే అడ్డ రంధ్రం కన్ను లోపలి గాడికి ఎదురుగా నిలవదు.

బిగించడం మేస్త్రి గారు చేసినట్టే చేస్తాను. పైపును నూనె డబ్బాతో ముందుగా నింపి, కింది బోల్టులను బిగించి, పై రెండింటినీ వదులుగా ఉంచి, ప్లగ్గు తీసి, సిలిండరులో ఒత్తిడిని వదిలేసే డికంప్రెసర్ మీట పట్టుకుని కిక్కు కొడుతూ పోతే కాసేపటికి పై అతుకుల దగ్గర మొదట బుడగలతో, తర్వాత తేటగా నూనె ఊరుతుంది. రెండు రాకర్ల దగ్గరా ఊరాలి. ఒక దగ్గర వచ్చిందని రెండోదాన్ని వదిలేయకూడదు. అప్పుడు వాటిని బిగించి, ప్లగ్గు వేసి, ఇంజిన్‌ను నెమ్మది మీద వేడెక్కనిచ్చి, ట్యాంకులో నూనె మట్టం తగ్గి ఉంటే పోసుకోవాలి. కొత్త వాషర్లు మొదటి వేడికి కొంత సర్దుకుంటాయి కాబట్టి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఆ బోల్టులన్నింటినీ చిన్న పానాతో మరొకసారి చూసి, కదిలినంత మేరకు మాత్రమే, అదీ మణికట్టు బలంతోనే బిగించాలి.